ఏడు క్లిప్పుల కోటు

మీ అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది కాబట్టి ఫోటోల గురించి ఈ ముసలాయన చెప్పేది వింటారన్న భ్రమ నాకు లేదు. మొన్న హోటల్లో నా ఎదుటి బల్ల దగ్గర ఒకాయన దోశకు పదకొండు ఫోటోలు తీశాడు. నేను లెక్కపెట్టాను. అన్నీ అయ్యేసరికి దోశ చల్లారిపోయింది, ఆయన చట్నీ మీద కోప్పడ్డాడు. నా ఉద్యోగ జీవితంలో ఏ మనిషి మొహానికీ ఆ దోశకు దక్కినంత గౌరవం దక్కలేదు. నేను మనిషికి ఒకటే క్లిక్కు కొట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే రెండోది. మూడోదానికి విసుక్కునేవాణ్ణి.

ముప్పై ఏళ్ళు బహ్రెయిన్‌లో పాస్‌పోర్ట్ ఫోటోలు తీశాను. మా ఊళ్ళో అందరూ నేను దుబాయిలో ఉన్నాననే చెప్పుకునేవారు. బహ్రెయిన్ వేరే దేశమని మొదటి ఐదేళ్ళు వివరించాను, తర్వాత నోరు నొప్పెట్టి మానేశాను. మా స్టూడియో మనామా పాత బజారు వెనక గల్లీలో ఒక బిర్యానీ హోటలుకూ ఒక టైలరు దుకాణానికీ మధ్య ఉండేది. రెండు చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేవి. లోపల ఒక తెల్లగోడ, ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, మేకుకు వేలాడే ఒక కోటు. ఇంతే మా ఆస్తి.

ఆ కోటు గురించి చెప్పకపోతే కథ నడవదు. మా కఫీల్, అంటే స్టూడియో యజమాని, ఆయన తమ్ముడు లండన్‌లో చదువుకునేటప్పుడు కుట్టించుకున్న నల్లకోటు అది. ఆ తమ్ముడు ఆరడుగుల పైచిలుకు మనిషి, అడ్డంగానూ లోటు లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళేమో క్యాంపుల్లో ఉండే కూలీలు, మేస్త్రీలు, వంటవాళ్ళు. ఎండకు ఎండి బక్కచిక్కిన మనుషులు. శుక్రవారం సెలవు కాగానే బస్సుల్లో వచ్చి దిగేవారు. వీసాకో కార్డుకో ఫోటో దిగి, ఇంకో కాపీ ఇంటికి పంపుకునేవారు. ఇంటికి పంపే ఫోటోకు కోటు తప్పనిసరి. ఆ కోటు వాళ్ళకు తొడిగి, వీపు వెనక మిగిలిన గుడ్డంతా మడిచి, బట్టలారేసుకునే ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టేవాణ్ణి. సరిగ్గా ఏడు క్లిప్పులు. ముందు నుంచి చూస్తే మేనేజరు, వెనక నుంచి చూస్తే బట్టల దండెం.

కోటుకు మూడో గుండీ ఎప్పుడో ఊడిపోతే దొరికిన గోధుమరంగు గుండీ కుట్టాం. కాలరుకు పది దేశాల తలనూనె పట్టి ఉండేది. తొడిగాక నేను చెప్పే మంత్రం ఒకటే. గడ్డం దించు, చెవులు కనబడాలి, నవ్వొద్దు, ఊపిరి పీల్చొద్దు. ఇది ఐదు భాషల్లో చెప్పగలను. ఇంట్లో పెళ్ళాంతో తెలుగులో మాట్లాడటం కూడా నాకు అంత బాగా రాదు.

కంప్యూటర్ దగ్గర గోదావరి జిల్లా కుర్రాడొకడు కూర్చునేవాడు, నేను తమ్ముడనే పిలిచేవాణ్ణి. మచ్చలు తీసేయడం, మూసిన కళ్ళు తెరిపించడం, పలచబడ్డ జుట్టు ఒత్తుగా చేయడం అతని పని. దేవుడు చేసిన తప్పులు దిద్దే ఉద్యోగమని చెప్పుకునేవాడు. వయసులో నాకన్నా పదేళ్ళు చిన్న, మర్యాదలో నాకన్నా పదింతలు పెద్ద.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక మా గల్లీ పలచబడింది. ఒక రోజు కఫీల్ ఒక ఇనుప స్టాండు మోసుకొచ్చి స్టూడియో మూల పెట్టాడు. దాని నిండా మొబైల్ కవర్లు. పిల్లిబొమ్మలవి, మెరుపులవి, కుందేలు చెవులవి. కఫీల్ మంచి మనిషే. మాకు చెడ్డవార్త చెప్పడానికి నోరు రాక ముందుగా స్టాండు తెచ్చాడు.

"ఈ నెలాఖరుకు స్టూడియో ఖలాస్. కవర్ల షాపు పెడతా. మీరిద్దరూ కావాలంటే కవర్లమ్మండి" అన్నాడు.

నాకు అప్పటికి యాభై నాలుగు. కుందేలు చెవుల కవర్లు అమ్మే వయసు దాటిపోయిందని నా మనసుకు గట్టిగా అనిపించింది. ఇంకో చోట నన్ను తీసుకునేవాళ్ళు లేరు. ఇంటికి పోతే నాకు వచ్చిన ఒకే ఒక విద్య, మనుషుల్ని నవ్వకుండా ఉంచడం. అది మా ఇంట్లో ఎవరికీ అవసరం లేదు.

అట్లాంటి రోజుల్లో ఒక మంగళవారం నాడు సీఫ్ పేట నుంచి ఒక కంపెనీ ఆఫీసరు వచ్చాడు. ఆ కంపెనీకి అక్కడి మాళ్ళలో బట్టల దుకాణాలున్నాయి. ఆయన వెంట ఒక జపాన్ పెద్దావిడ. డెబ్బై దగ్గర వయసు, నా భుజం వరకు ఎత్తు, పొట్టి తెల్లజుట్టు, మెడలో రెండు కెమెరాలు. కెమెరాలు పక్కన పెడితే గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంది.

ఆఫీసరు కఫీల్‌ను పక్కకు పిలిచి వివరం చెప్పాడు. ఈవిడ ప్రపంచంలోనే పేరున్న ఫ్యాషన్ ఫోటోగ్రాఫరు. పెద్ద పత్రికల అట్టబొమ్మలు తీసింది. మధ్యలో అన్నీ వదిలేసి పాతికేళ్ళు యుద్ధాలూ భూకంపాలూ తిరిగి వార్తల ఫోటోలు తీసింది. ఇప్పుడు మళ్ళీ ఫ్యాషన్. శుక్రవారం నుంచి మాల్‌లో కంపెనీ బట్టలకు ఫోటోలు తీయాలి. తీయాలంటే సెక్యూరిటీ పాసు కావాలి. పాసుకు రెండు ఫోటోలు కావాలి. ఈవిడేమో ఫోటో దిగనంటుంది. తన దగ్గరున్నదని ఇచ్చిన ఫోటో ముప్పై ఏళ్ళ కిందటిది. అది చూసి సెక్యూరిటీవాళ్ళు ఈవిడ ఈవిడ కాదన్నారు.

"మూడు స్టూడియోలు తిప్పాను. ఎక్కడా కూర్చోలేదు. గురువారం మధ్యాహ్నంలోపు రెండు ఫోటోలు తీసిచ్చారంటే, మా దుకాణాల స్టాఫు మొత్తానికి కార్డు ఫోటోలు ఇక ఏటా మీ దగ్గరే" అన్నాడు ఆఫీసరు.

కఫీల్ నావైపు చూశాడు. నేను స్టాండువైపు చూశాను. కుందేలు చెవులు నావైపు చూశాయి.

ఆవిడను స్టూలు మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు. తల అడ్డంగా ఊపి, గోడ మీద మేం నమూనాకు అంటించిన ఫోటోల దగ్గరికి వెళ్ళింది. నలభై మంది దాకా ఉంటారు. ఒక్కొక్కరినీ చూసింది. చాలాసేపు చూసి, "వీళ్ళంతా అన్నదమ్ములా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపినా ఒక మనిషికి సరిపోదు. కాదమ్మా, కోటు ఒక్కటే, మనుషులు వేరని మేకు చూపించాను. ఆవిడ కోటు దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. మూడో గుండీని వేలితో తిప్పింది. క్లిప్పుల డబ్బాలో చెయ్యి పెట్టి ఏడూ లెక్కపెట్టింది. ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను పెళ్ళికూతుళ్ళ మొహాల్లో కూడా చూడలేదు.

"రేపు పదింటికి వస్తాను. ఈ కోటుకు, దీన్ని వేసుకునే మనిషికి ఫోటోలు తీస్తాను. ఏమీ చెయ్యొద్దు. ఇట్లాగే ఉంచు. తర్వాత నీ స్టూలు మీద కూర్చుంటాను" అంది.

ఇక్కడ మీరు ఒక సంగతి ఆలోచించాలి. మన ఇంటికి పెద్దవాళ్ళు వచ్చి "ఏమీ చెయ్యొద్దు, మజ్జిగ చాలు" అంటే మనం మజ్జిగ ఇచ్చి ఊరుకుంటామా? ఊరుకుంటే మనం మనుషులమేనా? గారెలు వేస్తాం, పాయసం చేస్తాం, వెళ్ళేటప్పుడు జాకెట్టుగుడ్డ పెడతాం. ఏమీ వద్దన్న కొద్దీ ఎక్కువ చేయాలని పుట్టిన దగ్గర్నుంచి నేర్చుకున్నాం.

"మేడంగారు అంతలా ఏమీ చెయ్యొద్దన్నారంటే, ఏదో ఒకటి గట్టిగా చెయ్యాలండి అన్నగారూ. ఆయ్" అన్నాడు తమ్ముడు.

"గంత పెద్దామె మన గరీబు కోటును ఫోటో తీసి జపాన్ల చూపిస్తదట. మన ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాను నేను.

ఆ సాయంత్రమే పాత బజారు సూక్‌లో కొత్త నల్లకోటు కొన్నాం. మధ్యరకం మనిషికి అతికినట్టు సరిపోయే కోటు. మూడు గుండీలూ ఒకటే రంగు. బుధవారం పొద్దున్నే స్టూడియో కడిగి, ఊదుబత్తి వెలిగించి, ప్లాస్టిక్ పూలగుత్తి ఒకటి స్టూలు పక్కన పెట్టి, కొత్తకోటును మేకుకు తగిలించాం. పాతది మడత పెట్టి బల్లకింద పడేశాను.

తొమ్మిదింటికి మా వైపు మేస్త్రీ ఒకడు వచ్చాడు. జగిత్యాల దగ్గరివాడు. పదమూడేళ్ళు గోడలు కట్టి ఆ రోజే మొత్తానికే ఇంటికి పోతున్నాడు. పోయే ముందు చెప్పి పోదామని వచ్చాడు. కూర్చుని, చాయ్ తాగి, మేకువైపు చూసి, "అన్నా, మన కోటేది?" అన్నాడు.

"రిటైరైంది. నీలెక్కనే."

"పారేస్తున్నవా? నాకియ్యరాదే." గొంతు తగ్గించాడు. "నీకు తెల్వంది ఏమున్నది. ఆ కోటు మీద దిగిన ఫోటో ఇంటికి పంపితి. మా బామ్మర్ది దాన్ని పెద్దగ జేయించి గోడకు పెట్టిండు. ఊర్లందరు నేను ఆఫీసర్ననుకుంటున్నరు. నేను కాదంటెనే, పెద్దోళ్ళు గట్లనే అంటరు అన్నరు. ఇప్పుడు అంగీ మీద దిగితె ఏం మొఖం వెట్టుకొని దిగాలె?"

నాకు సంతోషమైంది. పారేయబోయేది ఒకరికి పనికొస్తుందంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు. కోటుతో పాటు ఏడు క్లిప్పులూ ఇచ్చాను. అవి లేకుండా దాన్ని తొడుక్కోవడమంటే దుప్పటి కప్పుకోవడమే. మేస్త్రీ నన్ను కౌగలించుకుని వెళ్ళిపోయాడు.

పదింటికి ఆవిడ వచ్చింది. వెనకే కఫీల్, చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ. నేను గర్వంగా కొత్తకోటు చూపించాను. ఆవిడ కోటును చూసింది. ప్లాస్టిక్ పూలను చూసింది. ఊదుబత్తికి ఒకసారి తుమ్మింది. తర్వాత కెమెరాల మూతలు ఒక్కొక్కటే మూసేసింది.

"ఆ కోటు?" అంది.

"ఇది దానికన్నా మంచిది" అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను ఎవరో దగ్గరివాళ్ళు పోయిన సంగతి చెప్పినట్టు స్టూడియో గడప మీద కూర్చుండిపోయింది. స్టూలు మీద కాదు, గడప మీద. "నేను కూర్చోను" అని మాత్రం అంది. అంటే ఫోటో లేదు, పాసు లేదు, కంపెనీ పని లేదు. కఫీల్ పూసలు తిప్పడం ఆపేశాడు. నాకు మూలనున్న స్టాండు ఒక అడుగు ముందుకు జరిగినట్టే అనిపించింది.

"కోటు ఎక్కడ?" అన్నాడు కఫీల్.

"విమానమెక్కబోతోంది" అన్నాడు తమ్ముడు.

కఫీల్‌కు విషయం అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఆయన చేసిన పని నేను ఈ జన్మలో మరచిపోను. తెల్లటి పొడుగు అంగీ, ఆ తోబు అంచు చేత్తో పైకెత్తి పట్టుకుని, "యల్లా!" అని కారువైపు పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తడం అంతకు ముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆవిడ గడప మీది నుంచి లేచిన వేగం చూస్తే డెబ్బై ఏళ్ళ మనిషని ఎవరూ అనరు. ముందు సీట్లో ఆవిడ, వెనక నేను, తమ్ముడు, మా ఇద్దరి మధ్య హ్యాంగరుతో సహా కొత్తకోటు.

వంతెన దాటి ముహర్రక్ ఎయిర్‌పోర్టుకు ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలోనే కఫీల్ నన్ను తన భాషలో ఎన్ని రకాలుగా తిట్టవచ్చో అన్ని రకాలుగానూ తిట్టాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం పూసలు తిప్పి దేవుణ్ణి తలుచుకునేవాడు.

మేస్త్రీ దొరికాడు. లోపలికి ఇంకా పోలేదు. బయట నలభై డిగ్రీల ఎండలో, తాడుతో కట్టిన రెండు అట్టపెట్టెల పక్కన, గుండీలన్నీ పెట్టుకున్న నల్లకోటులో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. క్యాంపు స్నేహితులు వీపు వెనక క్లిప్పులు పెట్టి ఉన్నారు. ఎరుపు, పచ్చ, నీలం.

మమ్మల్ని చూసి మొహం చాటంత చేసుకున్నాడు. "అన్నా! సాగనంపుతందుకు కఫీల్‌ను గూడ తోల్కొచ్చినవా!"

ఆవిడ కెమెరా ఎత్తింది. ఎత్తగానే మేస్త్రీ చాటంత మొహం మాయమైంది. గడ్డం దించాడు. చెవులు కనబడేలా టోపీ తీశాడు. చేతులు పక్కలకు అతికించి ఊపిరి బిగబట్టాడు. ఆవిడ కెమెరా దించింది. వాడు ఊపిరి వదిలాడు. ఎత్తింది. మళ్ళీ బిగబట్టాడు. ఇట్లా ఐదారుసార్లు జరిగింది. వాడి మొహం వంకాయరంగుకు తిరిగింది.

"మామూలుగా ఉండమను" అంది ఆవిడ నాతో.

"మేస్త్రీ, మామూలుగ ఉండు."

"మామూలుగనే ఉన్న గదనే. నువ్వు నేర్పినట్టే ఉన్న."

పదమూడేళ్ళు నేనే నేర్పిన విద్య. "జర నవ్వు" అని నేనంటే, వాడు నావైపు అనుమానంగా చూసి, "పరీక్షిస్తున్నవా అన్నా?" అన్నాడు. నాకు నా పని మీద అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు ఆవిడ గబగబా వెళ్ళి వాడి వెనక నేల మీద మోకాళ్ళూనింది. వెనక నుంచి తీస్తే ఎట్లా నిలబడాలో నేను ఎవరికీ నేర్పలేదు కదా. కెమెరా ఎటుందో తెలియక వాడు మామూలు మనిషయ్యాడు. పెట్టె తాడు లాగి చూసుకున్నాడు. చెవి గోక్కున్నాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తాను పదమూడేళ్ళు ఇటుకలు పేర్చిన ఊరువైపు ఒకసారి చూశాడు. ఆవిడ తీస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళు ఆ వీపులకు క్లిప్పులు పెట్టింది నేనే, కానీ ఆ వీపుల్ని నేను ఒక్కసారీ చూడలేదని అప్పుడు తెలిసింది.

ఇక కోటు తిరిగి తీసుకోవాలి, అది లేకుండా ఆవిడ కారెక్కేలా లేదు. కొత్తది తీసుకోమని ఇచ్చాం. తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది. అదే వాడికి నచ్చలేదు.

"గిది నాది గాదే. ఒంటికి వట్టుకుంటున్నది. ఊపిరాడ్తలేదు" అన్నాడు. ఇంకా పెద్ద చిక్కు చెప్పాడు. "మూడో గుండీ ఏది? మా బామ్మర్ది ఆ గోధుమరంగు గుండీ చూసి, గది ఫారిన్ ఫ్యాషన్ అని ఊరంత చెప్పిండు. తన అంగీలకన్నిటికి మూడోది గట్లనే కుట్టించుకున్నడు. ఇంకో నలుగురు గూడ కుట్టించుకున్నరు. ఇప్పుడు నేనే నల్లగుండీతోని దిగితె ఎట్లనే?"

ఇదంతా ఆవిడకు నేను నా ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చాలా గంభీరంగా తల ఊపి, "ఇరవై ఏళ్ళకు పైగా ఫ్యాషన్ ఫోటోలు తీశాను. నా ఫోటో చూసి ఒక ఊరు గుండీలు మార్చుకోలేదు. నువ్వు మార్పించావు" అంది. అని, సంచిలోంచి సూదీ దారం తీసింది. తర్వాత మా ముగ్గురి గుండీలనూ పరిశీలనగా చూసింది. కఫీల్‌వి తెల్లవి. నావి నీలం. తమ్ముడి చొక్కావి గోధుమరంగు.

"మేడంగారూ, ఇది మా అత్తగారు పెట్టిన చొక్కా అండీ" అన్నాడు తమ్ముడు. అప్పటికే కత్తెర పడింది.

కాలిబాట మీద అట్టపెట్టె మీద కూర్చుని, ప్రపంచంలోనే పేరున్న ఫోటోగ్రాఫరు జగిత్యాల మేస్త్రీ కోటుకు గుండీ కుట్టింది. నాలుగు పోట్లు, ఒక ముడి, పంటితో దారం కొరకడం. మేస్త్రీ కొత్తకోటు తొడుక్కుని, మూడో గుండీ మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ దిగచ్చు" అన్నాడు. లోపలికి పోతూ పోతూ అద్దాల తలుపు దగ్గర మా వైపు తిరిగి, అలవాటుగా గడ్డం దించి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో కఫీల్ తిట్లన్నీ అయిపోయాయి కాబట్టి కారు నిశ్శబ్దంగా ఉంది. పాతకోటు ఆవిడ ఒళ్ళో ఉంది. క్లిప్పులు ఒక్కొక్కటే తీస్తూ చెప్పింది. పంతొమ్మిదేళ్ళప్పుడు టోక్యోలో ఒక ఫోటోగ్రాఫరు దగ్గర ఆవిడ మొదటి ఉద్యోగం ఇదేనట. బట్టలు తొడుక్కున్న అమ్మాయి వెనక నిలబడి, మిగిలిన గుడ్డ మడిచి, క్లిప్పులు పెట్టడం.

నేను నమ్మలేదు. "పెద్ద పత్రికల్లో కూడానా?"

"అన్నిట్లో. ఒంటికి అతికినట్టు ఉంటాయే ఆ బట్టలు, వెనక అంతా క్లిప్పులే."

ఆవిడ మూడేళ్ళు క్లిప్పులు పెట్టి, తర్వాత సొంతంగా కెమెరా పట్టి పేరు తెచ్చుకుంది. ఒకసారి ఏదో దేశంలో గౌనుల ఫోటోలు తీయడానికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో భూకంపం వచ్చిందట. గౌనుల కోసం తెచ్చిన రీళ్ళతోనే వీధిలోకి పోయింది. మళ్ళీ పాతికేళ్ళ దాకా గౌనుల వైపు రాలేదు. మోకాళ్ళు పరుగెత్తనన్నాక వచ్చింది.

"అక్కడ ఎవరికీ వెనక క్లిప్పులు పెట్టుకునే టైం ఉండదు. ఎట్లా ఉన్నవాళ్ళను అట్లాగే తీశాను. తీయనా అని అడగలేదు. అందుకే నేను కూర్చోను. కూర్చుంటే వాళ్ళంతా కెమెరా వెనక నిలబడి నన్ను చూస్తున్నట్టు ఉంటుంది" అంది.

"నేనూ ఎవర్నీ అడగలేదమ్మా. గడ్డం దించు అన్నాను, అంతే" అన్నాను. ఆవిడ వెనక్కి చెయ్యి చాపి నా చేతిలో ఒక క్లిప్పు పెట్టింది. ఓదార్పో, పని మొదలుపెట్టమనో నాకు తెలియదు.

స్టూడియోకు చేరాక ఆవిడ నేరుగా స్టూలు మీద కూర్చుంది. "కోటు" అంది.

నేను తొడిగాను. ఆ కోటులో ఆవిడలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు పడతారు. వీపు వెనక మడిచి మడిచి ఏడు క్లిప్పులూ బిగించాను. బెదిరిన కందిరీగల్లా అవి కిటకిటలాడుతున్నాయి. కఫీల్‌కు బిర్యానీ హోటలు నుంచి చాయ్ వచ్చింది. ఆయన ఆవిడ వెనక, ఫోటోలో పడకుండా పక్కగా, గోడవారగా, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు మూడో గుండీ లేని చొక్కాను చేత్తో మూసుకుని నిలబడ్డాడు.

నేను కెమెరా దగ్గరికి పోయి, నోరు తెరిచి, ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అడిగాను. "తీయనా అమ్మా?"

ఆవిడ కొంచెంసేపు లెన్సులోకి చూసింది. "తియ్యి" అంది.

మొదటి క్లిక్కు, కళ్ళు మూసుకుంది. రెండోది, మూసుకుంది. మూడోదానికి నేను విసుక్కోలేదు, రాసిపెట్టుకోండి. నాలుగోసారి మంత్రం మొత్తం చదివాను. గడ్డం దించండి. చెవులు. నవ్వొద్దు. ఊపిరి బిగబట్టండి. ఆవిడ బుద్ధిగా గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టింది. ఛాతీ పొంగింది. ఆరో క్లిప్పు తట్టుకోలేకపోయింది. టప్పుమని ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, కఫీల్ చాయ్ గ్లాసులో పడింది.

కఫీల్ గ్లాసులోకి చూశాడు. "ఇది ఎవరిది?" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసి, ముందుకు తిరిగి, నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా, నలభై ఏళ్ళ నవ్వు ఒకేసారి వచ్చినట్టు నవ్వింది. అట్లాంటి మొహాన్ని ఏ ఆఫీసూ తీసుకోదు. తెలిసీ నా వేలు నొక్కేసింది. మళ్ళీ పాసు కోసం ఇంకోటి తీద్దామంటే ఆ మధ్యాహ్నమంతా ఆవిడ నవ్వు ఆగలేదు. కఫీల్‌ను చూస్తే చాలు, మళ్ళీ మొదలు. కఫీల్ కూడా చివరికి గోడకు ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు.

పాసు ఫోటోకు నోరు మూసి ఉండాలి. ఉన్నది నవ్వే నోరు. ఇక తమ్ముడు రంగంలోకి దిగాడు. కంప్యూటర్లో వెతికి, బాగా బిగించిన, నమ్మకస్తుడి నోరు ఒకటి ఎంచి, ఆవిడ మొహానికి అతికించాడు. అది మేస్త్రీ నోరు. గురువారం పొద్దున ఫోటోలు అందాయి, ఆఫీసరు చూసి అద్భుతమన్నాడు, సెక్యూరిటీవాళ్ళు ఈవిడే ఈవిడ అన్నారు. ఆవిడకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. అయినా పాసు మెడలో వేసుకుని వారం రోజులూ జగిత్యాల మేస్త్రీ పెదవులతో మాల్ అంతా తిరిగింది.

కంపెనీ మాట నిలబెట్టుకుంది. దుకాణాల స్టాఫు అంతా మా గల్లీకి వరసగట్టారు. కఫీల్ స్టాండును తీసుకెళ్ళిపోయాడు. మిగిలిన కవర్లు వచ్చినవాళ్ళకల్లా తలా ఒకటి ఇచ్చాం. కుందేలు చెవులది నాకే మిగిలింది, ఇప్పటికీ వాడుతున్నాను. నేను ఇంకో ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేసి, నా అంతట నేను రిటైరయ్యాను. ఆ ఎనిమిదేళ్ళూ క్లిక్కు ముందు "తీయనా?" అని అడిగేవాణ్ణి. చాలామంది భయపడేవారు.

పోయిన నెల తమ్ముడు నా ఫోనుకు ఒక ఫోటో పంపాడు. ఆవిడ జీవితకాలం తీసిన ఫోటోలతో పెద్ద పుస్తకం వచ్చిందట. అట్ట మీద ఎండలో ఒక నల్లకోటు వీపు, రంగురంగుల క్లిప్పులు. వెనక అట్ట మీద ఆవిడ. కోటులో, నవ్వుతూ. అది నేను తీసిన ఫోటో, అప్పుడు వెళ్ళేటప్పుడు కాపీ అడిగి పట్టుకెళ్ళింది. లోపల నా పేరుందో లేదో తమ్ముడు చూడలేదు, నేను అడగలేదు.

దాని గురించి ఎవరో పెద్ద పండితుడు పత్రికలో రాశాడని మా వీధిలో ఇంజనీరింగు చదివే అమ్మాయి చదివి వినిపించింది. ఆవిడ కోటు కుట్టు చూస్తే జపాన్ పనితనం తెలుస్తుందట. ఆ నవ్వులోనేమో లోకంలోని దుఃఖమంతా చూసి దాటిన మనిషి ప్రశాంతత ఉందట. చదివి ఆ అమ్మాయి అంతేనా అన్నట్టు నావైపు చూసింది. నేను అవునమ్మా అన్నాను. కొంత నిజమే కూడా.

ఆ అమ్మాయి వెళ్ళాక మా ఆవిడ చాయ్ తెచ్చి ఇచ్చింది. గ్లాసులోకి ఒకసారి చూసుకుని తాగాను.